చలికాలంలో విశాఖకు మూడు రోజులు

సంక్రాంతి సెలవులు దగ్గరపడేకొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారుతుంది. దగ్గులు, జలుబులు, మోకాళ్ళ నొప్పులు కాస్త వెనక్కి తగ్గి ప్రయాణాల సంగతులు ముందుకొస్తాయి. ఈసారి తెనాలి నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు: "పిల్లలతో, మా అత్తగారు మామగారితో కలిసి మూడు రోజులు విశాఖపట్నం, అరకు చూసి రావాలనుకుంటున్నాం. మామగారికి రక్తపు పోటు, అత్తగారికి చక్కెర జబ్బు. పిల్లవాడికి బస్సెక్కితే వాంతులు. ఈ చలిలో కొండమీదికి వెళ్ళవచ్చా? ఏయే మందులు వెంట తీసుకెళ్ళాలి?"

అమ్మా, మందుల జాబితా ఒక్కటే కావాలంటే నాలుగు ముక్కల్లో చెప్పేయవచ్చు. కాని ఏ మందు ఎక్కడ, ఎందుకు అవసరపడుతుందో తెలియకపోతే సంచి నిండా మందులున్నా ఉపయోగం లేదు. నేను వైద్యం చదువుకున్నది విశాఖలో. ప్రభుత్వోద్యోగంలో తిరిగింది కూడా ఎక్కువగా ఆ చుట్టుపక్కలే. కొన్నాళ్ళు ఏజెన్సీలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, తరువాత పట్నంలో. అందుచేత ఈ వారం ప్రశ్నలు-జవాబులు పక్కన పెట్టి, మిమ్మల్నందరినీ నా వెంట మూడు రోజులు తిప్పుతాను. చూడవలసినవి చూద్దాం. ఆగవలసిన చోట ఆగి ఆరోగ్యం సంగతి మాట్లాడుకుందాం.

ముందుగా ఒక్క మాట. ఊరెళ్ళేటప్పుడు ఆఫీసును వదిలి వెళతాం. వంటింటిని వదిలి వెళతాం. ఒంటిని మాత్రం వదిలి వెళ్ళలేం కదా! ఇంట్లో వున్న రక్తపు పోటే కొండమీదికీ వస్తుంది. ఇంట్లో వున్న చక్కెరే సముద్రపు ఒడ్డుకీ వస్తుంది. మనకు సెలవులు గాని వాటికి సెలవుల్లేవు. ఈ సంగతి పుస్తకంలో ఎప్పుడో చదివాను. నిజంగా తెలిసింది మాత్రం బొర్రా గుహల మెట్ల మీద. అక్కడికి చేరాక చెబుతాను.

బయల్దేరే ముందు

డిసెంబరు, జనవరి నెలల్లో విశాఖ హాయిగా వుంటుంది. పగలు 28 డిగ్రీల చుట్టూ, తెల్లవారుజామున 18 డిగ్రీల దగ్గర. అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తు. అక్కడ ఇవే రోజుల్లో రాత్రిళ్ళు పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. అంటే మధ్యాహ్నం సముద్రపు ఒడ్డున చెమట పట్టిన మనిషి మర్నాటి రాత్రికి వణకవలసి వస్తుంది. అందుకని ఒక్క లావుపాటి కోటు కన్నా, ఒకదానిమీద ఒకటి వేసుకుని అవసరాన్ని బట్టి విప్పుకోగల రెండు మూడు బట్టలు మేలు. చెవులు మూసే మఫ్లరు, కాళ్ళకు మేజోళ్ళు పెద్దవాళ్ళకూ పసివాళ్ళకూ తప్పనిసరి.

రోజూ వాడే బిళ్ళలు మూడు రోజులకు కాదు, ఆరు రోజులకు సరిపడా తీసుకోండి. సగం పెద్ద సంచిలో, సగం చేతి సంచిలో. ఒక సంచి పోయినా రెండోది వుంటుంది. డాక్టరు రాసిన చీటీని కూడా పెట్టుకోండి. దాన్ని ఫోనుతో ఫొటో తీసి వుంచుకుంటే ఇంకా మంచిది. ఇన్సులిన్ వాడేవారు దాన్ని ఎండలో పడి వుండే పెట్టెల్లో పెట్టక, చేతి సంచిలోనే వుంచుకోవాలి. ఇవిగాక నాలుగు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, జ్వరానికి పారాసిటమాల్, వాంతుల బిళ్ళలు, దూది, కట్టుగుడ్డ, దోమలు కుట్టకుండా రాసుకునే లేపనం. ఇంతే. మందుల దుకాణం మొత్తం మోసుకు వెళ్ళనక్కరలేదు.

గుండె జబ్బు, రక్తపు పోటు, చక్కెర జబ్బు వున్నవారు బయల్దేరడానికి వారం ముందు ఒకసారి చూపించుకోండి. ఇంటిదగ్గర రెండంతస్తుల మెట్లు ఎక్కితేనే ఆయాసమో, రొమ్ములో బరువో అనిపించే మనిషి యాత్రకు కాదు, ముందు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

మొదటి రోజు: రేవు, ఉక్కు, సముద్రం

విశాఖ రేవు ముఖద్వారం దగ్గర డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు చాచుకుని వుంటుంది. ఎదురుగా, ఇవతలి ఒడ్డున మూడు చిన్న గుట్టలు. ఒకదానిమీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిమీద దర్గా, ఒకదానిమీద మేరీమాత చర్చి. ఈ మూడు గుట్టల ముందునుంచే ఓడలు లోపలికీ బయటికీ తిరుగుతాయి. పిల్లలకు చూపించండి, ఎన్నాళ్ళయినా మరిచిపోరు.

ఈ రేవును లాంఛనంగా ప్రారంభించింది 1933 డిసెంబరు 19న. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరిమీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకు పరుగెత్తిన సంగతి మా పెద్దవాళ్ళు కథలుగా చెప్పేవారు. చిత్రమేమిటంటే, పాతికేళ్ళు గడిచేసరికి ఆ జపాన్ కోసమే మన కొండల్లోంచి ఇనుప ఖనిజం ఈ రేవుకు దిగింది. బైలడిల్లా ఖనిజాన్ని జపాన్ ఉక్కు మిల్లులకు పంపడానికి 1960లో ఒప్పందం కుదిరింది. దాన్ని తీసుకురావడానికే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి రైలుమార్గం వేశారు. పెద్ద ఓడల కోసం 1976లో బయటి రేవు సిద్ధమైంది. రేపు మనం అరకుకు ఎక్కబోయేది ఆ ఖనిజపు దారిలోనే.

ఊరికి దక్షిణాన గాజువాక దాటితే ఉక్కు కర్మాగారం. 1966లో జనం ప్రాణాలొడ్డి పోరాడి తెచ్చుకున్నది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైంది. దారిన పోతూ ఆ పొడవాటి గొట్టాలను చూసినప్పుడు ఎవరికైనా రొమ్ము ఉప్పొంగుతుంది. డాక్టరుకు మాత్రం ఆ రొమ్ములోని ఊపిరితిత్తులు కూడా గుర్తుకొస్తాయి.

విశాఖ పళ్ళెంలాంటి ఊరు. చుట్టూ కొండలు, ఒక పక్క సముద్రం. చలికాలపు తెల్లవారుజామున నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. దానిమీద వెచ్చటి గాలి మూత వేసినట్టు కూర్చుంటుంది. దాంతో పొగ, దుమ్ము పైకి పోలేక కిందనే నిలిచిపోతాయి. అందుచేత ఉబ్బసం వున్నవారు చీకటితోనే లేచి బీచి నడకకు బయల్దేరవద్దు. ఎండ పొడవచ్చి, గాలి కదిలాక వెళ్ళండి. పీల్చే మందు హోటలు గదిలో కాదు, జేబులో వుండాలి.

మన విశాఖలాగే రేవూ ఉక్కూ రెండూ వున్న ఊరు జపాన్‌లో ఒకటుంది. పేరు కితాక్యూషు. అక్కడి యవాతా ఉక్కు కర్మాగారం 1901లో పని మొదలుపెట్టింది. 1960లు వచ్చేసరికి ఆ ఊరి ఆకాశం పొగతో కమ్ముకుపోయింది. పక్కనున్న దోకాయ్ అఖాతాన్ని చచ్చిన సముద్రం అనేవారు. దానిమీద గట్టిగా నోరు విప్పిందెవరో తెలుసా? గృహిణులు. ఆరవేసిన బట్టలు నల్లబడుతుంటే, పిల్లలు దగ్గుతుంటే, తొబాతా అనే పేటలోని మహిళా సంఘాలు తామే మసిని కొలిచి లెక్కలు తీశాయి. 1965లో, మాకు నీలాకాశం కావాలంటూ ఒక చిన్న సినిమా కూడా తీసి చూపించాయి. చివరకు నగరపాలకులూ కర్మాగారాలూ కదిలి గాలినీ నీటినీ బాగుచేసుకున్నారు. ఫ్యాక్టరీ వున్న ఊళ్ళో దగ్గు తప్పదని సరిపెట్టుకునే మన ఇళ్ళలో ఈ సంగతి తెలియాలని చెప్పాను.

సాయంత్రం రామకృష్ణా బీచికి పోదాం. అక్కడ ఒడ్డున ఐ.ఎన్.ఎస్. కుర్సురా వుంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన జలాంతర్గామి. 2002 నుంచి ప్రదర్శనశాల. లోపల గదికీ గదికీ మధ్య గుండ్రని ఇరుకు ద్వారాలు. వంగి, కాలెత్తి దాటాలి. నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి వున్నవారూ, ఇరుకు చోట్ల గుండె దడదడలాడేవారూ బయటినుంచే చూడవచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక సముద్రం. ఇక్కడ నా మాట కాస్త కఠినంగా వుంటుంది, మన్నించండి. సెలవు రోజు సాయంత్రాల్లో ఆసుపత్రికి తీసుకొచ్చే కుర్రవాళ్ళను నేను చూశాను. పంతొమ్మిదేళ్ళు, ఇరవై ఏళ్ళు. ఒంటిమీద ఒక్క గాయం వుండదు. జుట్టు నిండా ఇసుక వుంటుంది. వాళ్ళ అమ్మానాన్నలకు ఫోను చేయడానికి పక్కనున్న స్నేహితుల్లో ఎవరికీ నోరు రాదు. ఆ ఫోను నేను చేసిన సందర్భాలున్నాయి.

అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు వెనక్కి పోవాలి కదా? అది అక్కడక్కడ సన్నని కాలువలా కూడి జోరుగా లోపలికి లాగుతుంది. ఆ చోట అలలు విరగవు. నీరు నెమ్మదిగా వున్నట్టు కనబడుతుంది. ఇక్కడ బాగుందని సరిగ్గా అక్కడే దిగుతారు! ఆ లాగుడుకు ఎదురీదితే ఎంతటి ఈతగాడైనా అలిసిపోతాడు. చిక్కుకుంటే ఒడ్డువైపు కాక, ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగాలి. అంత శక్తి లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి కేకవేయాలి. ఒడ్డున వున్నవారు గబుక్కున దూకవద్దు; ఒకరికి ఇద్దరు పోతారు. తాడో, ఖాళీ నీళ్ళ క్యానో విసిరి జాలరులనూ, ప్రాణరక్షకులనూ పిలవండి.

బయటికి తీశాక తలకిందులు చేసి గిరగిర తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం వల్ల విలువైన సమయం పోతుంది. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదండి. తరువాత రొమ్ము మధ్య రెండు చేతులూ పెట్టి గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కాలి. 30 నొక్కులకు 2 ఊపిరుల చొప్పున, 108 బండి వచ్చేదాకా ఆపకూడదు. ఇంత దూరం రాకుండా వుండాలంటే దారి ఒక్కటే. మీ పిల్లలకు మోకాలి లోతు గీత గీసి పెట్టండి. ఆ గీత మీరూ దాటవద్దు.

రెండో రోజు: ఖనిజపు దారిలో కొండెక్కడం

తెల్లవారగానే విశాఖ స్టేషనులో కిరండూల్ బండి ఎక్కుదాం. కొత్తవలస నుంచి కిరండూల్ వరకు ఈ మార్గంలో 58 సొరంగాలున్నాయి. అరకుకు ముందు వచ్చే శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున వుంది. సొరంగంలో దూరినప్పుడల్లా పిల్లలు వేసే కేకలకు టిక్కెట్టు డబ్బు అక్కడికక్కడే గిట్టుబాటవుతుంది.

బస్సెక్కితే పిల్లవాడికి వాంతులన్నారు కదా, వాడికి రైలే మంచిది. ఘాట్ రోడ్డు మలుపుల్లో చెవి లోపలి భాగం ఒళ్ళు ఊగుతోందని చెబుతుంది. పుస్తకం మీదో ఫోను మీదో వున్న కన్ను ఏమీ కదలడం లేదని చెబుతుంది. ఈ తగవు తీర్చలేక మెదడు వాంతి తెప్పిస్తుంది. బస్సులోనో కారులోనో పోక తప్పకపోతే ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా కొండలను చూడమనండి. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. రెండు ఇడ్లీలు చాలు. వాంతుల బిళ్ళ బయల్దేరడానికి అరగంట, గంట ముందు వేస్తేనే పనిచేస్తుంది. పిల్లల మోతాదు డాక్టరును అడగాలి. అది మత్తు తెస్తుంది గనుక బండి నడిపేవారు వేసుకోకూడదు.

"అంత ఎత్తున ప్రాణవాయువు చాలక మామగారికి ఆయాసం వస్తుందేమో" అని కూడా కొందరు భయపడతారు. 3,000 అడుగులకు ఆ భయం అక్కరలేదు. ఎత్తు జబ్బు సాధారణంగా 8,000 అడుగులు దాటాకే. అరకు ప్రయాణంలో గుండెను కష్టపెట్టేది గాలి పలచబడటం కాదు. చలి, మెట్లు, మానేసిన బిళ్ళలు.

ఇప్పుడు బొర్రా దగ్గర దిగుదాం. అనంతగిరి కొండల్లో సుమారు 2,300 అడుగుల ఎత్తున, సున్నపురాతిని నీరు కరిగించి తొలిచిన గుహలివి. పైనుంచి వేలాడే రాతి ఊడలు, కింద నుంచి లేచిన రాతి స్తంభాలు. గోస్తనీ నది పుట్టుక ఇక్కడేనంటారు. నేల తడిగా జారుతూ వుంటుంది. అరిగిన చెప్పులతో దిగవద్దు.

కొన్నేళ్ళ కిందట ఒక జనవరిలో మా అక్కనూ బావగారినీ ఇలాగే తిప్పడానికి తీసుకొచ్చాను. బావగారు రిటైరైన లెక్కల మాస్టారు. అప్పటికి అరవై ఏడేళ్ళు. రక్తపు పోటుకు రెండు బిళ్ళలు వాడేవారు. అందులో ఒకటి మూత్రం ఎక్కువగా పోయేట్టు చేసేది. గుహలోకి అందరికన్నా ముందు దిగింది ఆయనే. దిగడం సుళువే. కాని దిగిన ప్రతి మెట్టూ మళ్ళీ ఎక్కాలి.

ఎక్కుతూ సగంలో రాతిగోడకు చెయ్యి ఆనించి నిలబడ్డారు.

"ఏం బావగారూ?" అన్నాను.

"ఏం లేదోయ్ డాక్టరూ, పొద్దున్న తిన్న గారెలు గొంతులో నిలిచాయి. గ్యాసు" అన్నారు.

నేనేమన్నానో తెలుసా? "పైకెళ్ళాక సోడా తాగుదురుగాని, పదండి" అన్నాను. ముప్పై ఏళ్ళుగా వైద్యం చేస్తున్నవాణ్ణి! ఆసుపత్రిలో నా బల్ల ముందు కూర్చుని అదే వయసు మనిషి అదే మాట అని వుంటే తక్షణం ఇ.సి.జి. తీయించేవాణ్ణి. ఆ రోజు నేను సెలవులో వున్నాను. నా చదువుకు కూడా సెలవిచ్చేశాను.

పది మెట్లెక్కాక మళ్ళీ ఆగారు. ఈసారి దవడ పట్టుకున్నారు. నుదుటిమీద చెమట. ఆ చల్లటి గుహలో మాలో ఎవరికీ చెమట లేదు. అప్పుడు అక్క వెనకనుంచి నెమ్మదిగా అంది: "తమ్ముడూ, ఆయన నిన్నటినుంచి బిళ్ళలు వేసుకోలేదురా. దారిలో మాటిమాటికీ పోవలసి వస్తుందని రెండూ మానేశారు. నీకు చెప్పవద్దన్నారు."

ఉన్నచోటే మెట్టుమీద కూర్చోబెట్టాను. ఇక ఒక్క మెట్టు కూడా ఎక్కనివ్వలేదు. సంచిలో వున్న ఆస్పిరిన్ నమిలించాను. అక్కడి కుర్రవాళ్ళు నలుగురు కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. కొండ దిగి పట్నంలో ఆసుపత్రికి చేరేదాకా అక్క నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన చెయ్యి వదల్లేదు. గుండె రక్తనాళం ఒకటి బాగా ఇరుకైందని తేలింది. సమయానికి చికిత్స జరిగింది. బావగారు ఇప్పటికీ బాగున్నారు. నేను వాళ్ళింటికి వెళితే "సోడా డాక్టరు వచ్చాడు, కాఫీ పెట్టు" అంటారు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కాని ఆ మెట్టు నాకు ఈనాటికీ గుర్తే.

జరిగిందేమిటో చూడండి. చలికి చర్మంలోని రక్తనాళాలు బిగుసుకుంటాయి. రక్తపు పోటు పెరుగుతుంది. దానికి తోడు బిళ్ళలు మానేశారు. దానిమీద నూనెలో వేగిన ఫలహారం. ఆపైన ఎక్కుడు. గుండెకు ఎక్కువ రక్తం కావలసిన సమయంలో తక్కువ అందింది.

గుండెనొప్పి ఎప్పుడూ సినిమాల్లోలాగా రొమ్ము పట్టుకుని పడిపోవడం కాదు. రొమ్ము మధ్య బరువు, బిగింపు, మంట; ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకే నొప్పి; చల్లచెమట, వికారం. ఆడవాళ్ళలో, చక్కెర జబ్బు వున్నవాళ్ళలో ఒక్కోసారి నొప్పే వుండదు. ఆయాసం, నిస్త్రాణ మాత్రమే వుంటాయి. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే "గ్యాసు" గ్యాసు కాదనే అనుకోండి. అలాంటప్పుడు నడక ఆపి కూర్చోండి. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండు వున్నవారు తప్ప మిగిలినవారు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమలవచ్చు. నాలుక కింద పెట్టుకునే బిళ్ళ డాక్టరు ఇదివరకే రాసిచ్చినవారు కూర్చుని అది పెట్టుకోవాలి. 108కి ఫోను చేయండి. చూడవలసినవి మిగిలిపోయాయని ఆలస్యం చేయవద్దు.

మూత్రం పోయించే బిళ్ళ సంగతి. దాన్ని మీ అంతట మీరు మానవద్దు. ప్రయాణం రోజున ఉదయం బదులు బసకు చేరాక వేసుకోవచ్చునేమో ముందే మీ డాక్టరును అడగండి. చాలామందికి అలా సర్దవచ్చు. బావగారు నన్నొక్క మాట అడిగి వుంటే సరిపోయేది. నేను ఆయన్ని ఒక్క మాట అడిగి వున్నా సరిపోయేది.

అక్క చేసిన పని ఇంకొకటుంది. దారిలో మరుగుదొడ్డి ఎక్కడుంటుందో తెలియదని రోజంతా నీళ్ళు తాగలేదు. వారం తిరిగేసరికి మూత్రంలో మంట, చలిజ్వరం. మన ఇళ్ళలో ఎందరు ఆడవాళ్ళు ఇలా ప్రయాణం చేస్తున్నారో నాకు తెలుసు. చలిలో దాహం తెలియదు గాని ఒంటికి నీరు కావలసిందే. రెండు మూడు గంటలకొకసారి బండి ఆపమని ఇంటి మగవాళ్ళే ముందుగా డ్రైవరుతో చెప్పాలి. ఆడవాళ్ళు నోరు తెరిచి అడిగేదాకా ఆగవద్దు.

రాత్రి అరకులో

డిసెంబరు దాకా వలిసె పూలతో లోయ పసుపు ఆరేసినట్టుంటుంది. దారిలో కాఫీ తోటలు. గిరిజనుల థింసా నృత్యం చూడండి. బొంగులో చికెన్ తినండి. నూనె లేకుండా వెదురుబొంగులో ఉడికించేది గనుక నాకు అభ్యంతరం లేదు. కాని మీ ఎదుట బొంగు చీల్చి పొగలు కక్కుతుండగా పెట్టినదే తినండి. చక్కెర జబ్బు వున్నవారు భోజనం వేళ దాటనివ్వవద్దు. ఒళ్ళు వణికి, చెమటపట్టి, కళ్ళు తిరిగితే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నోట్లో వేసుకోవాలి.

ఈ కొండల్లో రాత్రికి నిజమైన ప్రమాదం ఒకటుంది. చలిమంట వేసుకుని కాచుకోవడం బాగానే వుంటుంది. కాని ఆ నిప్పుల కుంపటిని గదిలోకో గుడారంలోకో తెచ్చుకుని తలుపు వేసుకుని పడుకోకూడదు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆరుబయట కాచుకోండి, ఆర్పి లోపలికి రండి. ఒకటికి రెండు దుప్పట్లు అడగండి.

మర్నాడు పొద్దున్న పెద్దవాళ్ళ స్నానం దగ్గర జాగ్రత్త. జపాన్‌లో చలికాలంలో ముసలివాళ్ళు స్నానాల గదుల్లో కుప్పకూలడం పెద్ద సమస్య. చల్లటి గదిలో బట్టలు విప్పి వేడినీళ్ళ తొట్టిలో దిగేసరికి రక్తపు పోటు ఒక్కసారి పెరిగి, ఒక్కసారి పడిపోతుంది. మనకు తొట్టి లేకపోయినా బకెట్టు వుంది. పొద్దెక్కాక, గోరువెచ్చటి నీళ్ళతో, తలుపు గడియ వేసుకోకుండా చేయించండి.

ఏజెన్సీలో పనిచేసిన రోజుల్లో నేను అన్నిటికన్నా ఎక్కువగా చూసిన జబ్బు మలేరియా. చలికాలంలో తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. సాయంత్రం నుంచి నిండు చేతుల బట్టలు వేసుకోండి, లేపనం రాసుకోండి, దోమతెర వుంటే కట్టుకోండి. ఇంటికి వెళ్ళాక నెలలోపు జ్వరం వస్తే డాక్టరుకు ముందుగా చెప్పవలసిన మాట: "మేం అరకు వెళ్ళి వచ్చాం." ఆ ఒక్క మాటతో రక్తపరీక్ష ఆ రోజే జరుగుతుంది.

మూడో రోజు: తొట్లకొండ, భీమిలి

కొండ దిగి విశాఖ నుంచి భీమిలి రోడ్డు పడదాం. దారిలో తొట్లకొండ. 1976లో నౌకాదళం సర్వేలో బయటపడిన బౌద్ధ విహారం. వర్షపు నీరు పట్టి దాచుకోవడానికి భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వల్లనే ఆ పేరు. రెండు వేల ఏళ్ళ కిందటే ఆ కొండమీద కాపురముండటానికి వాళ్ళు మొదట చూసుకున్నది నీళ్ళు. మీరు కూడా కాచి చల్లార్చినవో, మూత సరిగా వున్న సీసావో పట్టుకుపోండి.

ఆపైన ఎర్రమట్టి దిబ్బలు, తరువాత భీమిలి. చక్కెర జబ్బు వున్న అత్తగారు ఇసుకలో ఉత్త కాళ్ళతో నడవకూడదు. అరికాలికి స్పర్శ తగ్గి వుంటే గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. రాత్రి కాళ్ళు కడిగి, వేళ్ళ సందులతో సహా మీరే చూడండి, ఆవిడకు కనబడకపోవచ్చు.

భీమిలిలో డచ్చివాళ్ళ పాత సమాధులూ దీపస్తంభమూ చూశాక నదీముఖం దగ్గర కాసేపు కూర్చోండి. బొర్రా కొండల్లో చూసిన గోస్తని ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. మా బావగారికి ఇది ఇష్టమైన చోటు. ఆసుపత్రి నుంచి వచ్చిన ఏడాదికి అక్కతో మళ్ళీ వచ్చి, బొర్రాలో దిగకుండా పైన కూర్చుని టీ తాగి, ఇక్కడికి వచ్చి సాయంత్రమంతా గడిపారు. ఆ రోజు ఉదయం బిళ్ళలు వేసుకున్నానని నాకు ఫోను చేసి మరీ చెప్పారు.

తెనాలి సోదరీ, ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు. వెళ్ళవచ్చు, నిక్షేపంగా వెళ్ళి రండి. మామగారికి పోటు అదుపులో వుంటే, మెట్లెక్కితే రొమ్ములో ఏ బాధా లేకపోతే, చలి ఆయన్ను ఆపనక్కరలేదు. కాని రైలెక్కే రోజు ఉదయం, పెట్టెలు లెక్కపెట్టుకునేటప్పుడు ఆయన్ను ఒక్క మాట అడగండి: "మామయ్యగారూ, బిళ్ళలు వేసుకున్నారా?" చిరాకుపడతారు. పడనివ్వండి. రోజూ అడగండి.